గడిలో విన్న వాన

రేడియో మాట్లాడుతున్నంతసేపూ రామేశ్వరమ్మ ఇత్తడి గంగాళాన్ని ఒకేచోట రుద్దుతూ ఉండిపోయింది. చేతిలోని చింతపండు పిప్పి పొడిపొడిగా రాలిపోతున్నా ఆమెకు తెలియలేదు.

యుద్ధం కబుర్ల కోసం దొర హైదరాబాదు నుంచి తెప్పించుకున్న పెట్టె అది. యుద్ధం ముగిసినా, పొద్దుగూకే వేళకు దాన్ని పెట్టుకుని కూర్చోవడం ఆయనకు అలవాటైంది. కోటలాంటి ఆయన గడి మిద్దె మీద వెదురుబొంగుకు కట్టిన తీగ గోడ వెంట దిగి కిటికీలోంచి లోపలికి పోతుంది. ఆ కిటికీ కిందనే అంట్లు తోమే బండ. దొర భూమిని కౌలుకు చేసుకునే ఇళ్ల ఆడవాళ్లు వంతులవారీగా వచ్చి గడిలో ఊడ్చి, అంట్లు తోమి పోవాలి. ఇప్పుడు రామేశ్వరమ్మ వంతు. రోజూ ఆ పెట్టెలోంచి వచ్చే ఉర్దూ మాటలూ పాటలూ ఆమె పట్టించుకునేది కాదు. ఈ సాయంత్రం మాత్రం మద్రాసు నుంచి ఎవరో తెలుగులో నిదానంగా చదువుతున్నారు.

"బంగాళాఖాతంలో తుపాను బలపడుతున్నది. రాయలసీమలోను, దానికి ఉత్తరాన ఆనుకొని ఉన్న ప్రాంతాలలోను ఎల్లుండిలోగా భారీ వర్షాలు కురిసే సూచనలున్నవి. కోసిన పంటను చేలలో ఉంచవద్దని రైతులకు మనవి."

టక్కున పెట్టె మూగబోయింది. లోపల కుర్చీ కిర్రుమంది.

"వెంకటయ్యా! రేపు ఊరు ఊరంత మన పెద్దచేన్ల ఉండాలె. ఇంటికొక మనిషి గాదు, చేతులున్నోళ్లందరు. బండ్లన్ని రావాలె. ఎల్లుండి పొద్దుగూకే యాల్లకు జొన్న మొత్తం ఇంట్ల వడాలె."

"ఇంత తొందరెందుకని అడుగుతరేమో దొరా," అన్నాడు గుమాస్తా వెంకటయ్య.

"అడిగెటోడెవడు?" అన్నాడు దొర. గొంతు తగ్గించాడు. "వాన సంగతి నోట్లకెల్లి రానియ్యకు. తెలిసిందంటె ఒక్కడన్న మన చేను దిక్కు వస్తడా? ఎవని జొన్న వాడు ఎత్తుకుంటడు."

రామేశ్వరమ్మ తలెత్తింది. తిరగలి దగ్గర కూర్చున్న భాగ్యమ్మ కూడా పిడి వదిలేసి ఆమెనే చూస్తున్నది. భాగ్యమ్మ గడిలోనే ఉండి వండి వార్చే మనిషి. వెనక కొట్టంలో పడుకుంటుంది. బయట ఆమెకు ఇల్లు లేదు.

దొర కిటికీ దగ్గరికి వచ్చాడు. తిరగలి ఆగిపోవడం ఆయనకు వినిపించినట్టుంది. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏం ఇన్నరే?"

"ఏం ఇనలే దొరా," అంది భాగ్యమ్మ.

రామేశ్వరమ్మ తల అడ్డంగా ఊపింది.

"మంచిది. ఇన్నా గూడ, అది ఈ గడప దాటొద్దు."

దాటితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఆ వాకిట్లోనే మనుషులను వంగబెట్టి వీపు మీద బండ పెట్టించడం ఆమె చూసింది.

*

ఇంటికి చేరేసరికి తలారి ఈరన్న వీధిలో కేకవేస్తున్నాడు. చేతులున్న వాళ్లంతా, బండ్లున్న వాళ్లు బండ్లతో, తెల్లవారేసరికి దొర చేనికి రావాలని. ఆ కేక మలుపు తిరిగి, మాదిగవాడ వైపు సన్నగిల్లిపోయింది.

జంగయ్య వాకిట్లో బండి ఇరుసుకు ఆముదం పూస్తున్నాడు. భార్యను చూసి గుడ్డపేలికకు చేతులు తుడుచుకున్నాడు.

"మల్ల వెట్టికే పిలిచిండ్రు. మన జొన్న గుట్టకింద పండుకోని ఉండె. సరే తియ్, ఇంకో నాల్గు దినాలు ఎండుతది. ఎండినంత మంచిదే."

ఆమె గడపలో నిలబడింది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. జంగయ్యకు మాట దాచుకోవడం రాదు. వినగానే చావడి దగ్గరికి పోతాడు. దొర దాచిండని గట్టిగా అరుస్తాడు. అరిచాక ఏమవుతుందో ఆమె కళ్లకు కట్టినట్టు కనిపించింది. చెప్పకపోతేనో? గుట్టకింద కోసి పరిచిన చొప్ప, దాని మీద ముత్యాల్లా మెరుస్తూ ఉన్న కంకులు, వాటి మీద ముసురు. రెండు రోజులు తడిస్తే గింజ నల్లబడుతుంది. మూడో రోజుకు కంకిమీదనే మొలకెత్తుతుంది. ఏడాది తిండి అది.

"ఏమైందే, గట్ల నిలబడ్డవ్?"

"ఏం లేదు. నడుము గుంజుతుంది."

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. కప్పు మీద తాటాకు గలగలమన్నప్పుడల్లా చినుకేమోనని ఉలిక్కిపడింది. ఒకసారి లేచి తలుపు తీసి చూసింది. ఆకాశం నిండా చుక్కలున్నాయి.

*

తెల్లవారి చేనికి పోతుంటే దారి పొడుగునా గడ్డి పొడిగా ఉంది. నిన్నటిదాకా పాదాలు తడిపిన మంచు ఈ రోజు పడలేదు. చలి కూడా తగ్గింది. "ఈ పొద్దు పానం సుఖంగుంది," అని ఆడవాళ్లు ముచ్చటపడుతూ నడిచారు. రామేశ్వరమ్మ ఎవరి మొహమూ చూడలేకపోయింది.

దొర చేను కంటికి ఆనినంత దూరం ఉంది. మొదలు నరికిన జొన్నను వరుసలుగా పరిచారు. ఆడవాళ్లు ఆ వరుసల వెంట గొంతుకూర్చుని కంకులు కోసి గంపల్లో వేస్తున్నారు. మగవాళ్లు గంపలెత్తి బండ్లలో పోస్తున్నారు. గట్టు మీద గొడుగు వేసుకుని వెంకటయ్య "చెయ్యి ఆడనియ్యాలె, చెయ్యి ఆడనియ్యాలె" అంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

రామేశ్వరమ్మ పక్క సాలు అనంతమ్మది. భర్త పోయిన ఒంటి మనిషి. ఆమెకున్న చిన్న చెలక వాగు ఒడ్డున ఉంది. దాంట్లో జొన్న కూడా కోసి పరిచే ఉంది.

"గింత పరేషాన్ ఏందే ఈ దొరకు?" అంది అనంతమ్మ, కంకి మెడ మీద కొడవలి ఆనించి లాగుతూ. "పోయినేడు పుష్యమాసం దాక చేన్లనే ఉండె గదా జొన్న."

"ఏమో అత్తా."

"నాదైతే ఎవరన్న బండి ఇచ్చిననాడు ఏసుకోవాలె. ఎండనీ. మబ్బా, వానా?"

రామేశ్వరమ్మ కొడవలి కంకికి తగలక చొప్పలోకి దిగబడింది. లాగి మళ్లీ పట్టుకుంది. ఇద్దరూ సాలు చివరికి చేరారు. వెంకటయ్య గొడుగు అవతలి గట్టు మీద ఉంది. అనంతమ్మ గంపలో కంకులు సర్దుతూ ఏదో గొణుక్కుంటున్నది. కొత్త జొన్నలతో మొదటి రొట్టె చేసిన రోజు ఎల్లమ్మకు పెట్టాలని.

"అత్తా, మొగం లేపకుండ ఇను," అంది రామేశ్వరమ్మ. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. "రేపటికల్ల పెద్ద వాన వస్తదంట. ముసురు. కోసింది చేన్ల ఉంచొద్దన్నరు."

అనంతమ్మ మొహం ఎత్తలేదు. కొడవలి మాత్రం ఆగింది.

"ఎవరన్నరు?"

"గడిల రేడియో. నా చెవులతోటి ఇన్న."

"దొర ఇన్నడా?"

"ఇన్నంకనే గదా మనలను పిలిపించింది."

అనంతమ్మ మళ్లీ కోయడం మొదలుపెట్టింది. కొన్ని కంకులు కోసి గంపలో వేసింది. రామేశ్వరమ్మ చెప్పి తప్పు చేశానా, ఈ ముసలామె ఇప్పుడు లేచి గట్టిగా ఏడుస్తుందా అని చూస్తున్నది. అనంతమ్మ ఏడవలేదు. ఎడమ అరచెయ్యి తెరిచి, బొటనవేలి మొదట్లో కొడవలి ఆనించి, పళ్లు బిగబట్టి లాగింది.

రక్తం కంకుల మీద పడింది.

"అయ్యయ్యో, తెగె! చెయ్యి తెగె!"

వెంకటయ్య గొడుగు ఊపుకుంటూ పరుగున వచ్చాడు. రక్తం చూసి మొహం చిట్లించాడు.

"గింజల మీద వడనియ్యకు! దూరం పో. పో, కట్టు కట్టుకో."

అనంతమ్మ చెయ్యి పట్టుకుని లేచింది. తిన్నగా గట్టెక్కలేదు. సాళ్ల వెంట ఒక్కొక్క ఆడమనిషి దగ్గరా వంగి, "బట్టపేలిక ఉందా బిడ్డా, జర పేలిక ఉంటె ఇయ్యి," అని అడుగుతూ పోయింది. ప్రతి ఒక్కరి దగ్గరా కాసేపు ఆగింది. ఎవరో పైటచెంగు చింపి ఇచ్చారు. చెయ్యికి కట్టుకున్నాక కూడా ఆమె ఇంకా అడుగుతూనే పోయింది. చివరికి గట్టెక్కి, ఊరి వైపు కాకుండా వాగు వైపు తిరిగింది.

ఆ తర్వాత చేనులో మాటలు ఆగిపోయాయి. కొడవళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కాసేపటికి ఒకామె చంటిపిల్లకు పాలియ్యాలని లేచింది. ఇంకొకామె కడుపునొప్పి అని చేతులు అడ్డం పెట్టుకుని పోయింది. దొర కల్లంలో కంకులు దించడానికి పోయిన బండ్లు తిరిగి రావడం మానేశాయి. మధ్యాహ్నం దాటేసరికి సాళ్లు సాళ్లే ఖాళీ. గంపలు ఎక్కడివక్కడ బోర్లాపడి ఉన్నాయి. వెంకటయ్య గట్టు మీద గొడుగు మూసి, తెరిచి, మళ్లీ మూశాడు. పేర్లు పెట్టి అరిచాడు. అరిచిన పేర్లవాళ్లెవరూ అక్కడ లేరు.

రామేశ్వరమ్మ లేచే ధైర్యం చేయలేకపోయింది. అందరికంటే ముందు తనే వెళ్లాలి, అందరికంటే తనకే భయం. చివరికి కంచె పక్కన బండి ఆగింది. జంగయ్య.

"ఎక్కు," అన్నాడు.

వెంకటయ్య వీపు అటు తిరిగి ఉన్నప్పుడు ఆమె కంచె దాటింది.

జంగయ్య గుట్టకింద చెలకకు బండి తోలాడు. ఎద్దుల మెడమీది గంటలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. దిగాక అన్నాడు: "ఊరందరికి తెలిసినంక నాకు తెలిసె."

"నువ్వు చావడి కాడికి పోయి అరుస్తవని."

అతను చొప్ప మోపు ఒకటి తిరగేశాడు. కింద నేల పొడిగా ఉంది. "అరుస్తుంటి," అన్నాడు.

చీకటి పడేదాకా ఇద్దరూ కంకులు కోశారు. గంపలకు ఎత్తే తీరిక లేక గోనెపట్టాలో పోసి ఈడ్చారు. వాగు ఒడ్డున ఒంటిచేత్తో కంకులు కోస్తున్న అనంతమ్మ కనిపించింది. దొర చేను నుంచి బండి తోలుకొచ్చిన బాలకిష్టయ్య దాన్ని ఆమె చెలక వైపు తిప్పాడు. ఆ సాయంత్రం ఊరి దారులన్నిటి మీదా బండ్లే. ఎవరూ ఎవరినీ పలకరించుకోలేదు. జంగయ్య ఇంట్లో కంకులు గోడ నుంచి గోడ దాకా పోసేసరికి పడుకునే చోటు లేకుండా పోయింది. పొయ్యి దగ్గర గోనె పరుచుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. వానను విందామని చెవులు రిక్కించుకుని ఎదురుచూశారు.

*

వాన రాలేదు.

తెల్లవారింది. కడిగిన కంచంలా ఉంది ఆకాశం. పిట్టలు మామూలుగా అరుస్తున్నాయి. రామేశ్వరమ్మ వాకిట్లో నిలబడి తూర్పు చూసింది, దక్షిణం చూసింది. గువ్వంత మబ్బు కూడా లేదు. ఊరివాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చి ముందు ఆకాశం వైపు, తర్వాత ఆమె ఇంటి వైపు చూసి లోపలికి పోతున్నారు.

బాలకిష్టయ్య వచ్చాడు. రాత్రంతా నిద్ర లేని కళ్లు.

"ఏదమ్మా వాన?"

ఆమె కళ్లు మళ్లీ తూర్పుకు పోయాయి.

"నడిమిట్ల పని ఇడిసిపెట్టి బండి తోలుకొని వస్తి. నా ఎడ్లను గుంజుకుంటడు దొర. నా ఎడ్లు పోతె నేనేం చెయ్యాలె?"

అతని గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. రేడియోలో మనిషి అబద్ధం ఎందుకు చెబుతాడు? తనే సరిగా వినలేదా? ఎక్కడి వానో ఇక్కడి వాన అనుకుందా? ఊరంతటినీ తన ఒక్క మాట మీద దొర చేనులోంచి లేపింది.

ఈరన్న వచ్చినప్పుడు ఆమె అతని కోసమే చూస్తున్నట్టు లేచి నిలబడింది. జంగయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నేను వస్త."

"ఆమెనొక్కదాన్నే తెమ్మన్నడు జంగన్నా," అన్నాడు ఈరన్న నేల చూస్తూ.

అయినా జంగయ్య వెనకాలే నడిచాడు. గడి దర్వాజ దగ్గర అతన్ని ఆపేశారు.

వాకిట్లో భాగ్యమ్మ జొన్నలు చెరుగుతున్నది. రామేశ్వరమ్మను చూసి చేటను మొహానికి దగ్గరగా జరుపుకుంది. చేట ఆగలేదు గానీ గింజలు కింద ఒలికిపోతున్నాయి.

దొర అరుగు మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాడు. కేకలు వేయలేదు.

"ఎవరు చెప్పిండ్రని నిన్ను అడుగుతలేను. నువ్వేనని భాగ్యమ్మ చెప్పనే చెప్పింది. ఒక్క మాట అడుగుత. వాన ఏదే?"

"తప్పైంది దొరా."

"తప్పు సంగతి గాదు. వాన పిలిచినవు గదా, ఏదీ? సగం జొన్న చేన్ల ఇడిసిపెట్టి పోయిండ్రు నీ వానకు భయపడి." అరుగు దిగకుండానే వాకిలి నడిమికి వేలు చూపించాడు. "ఆడ నిలబడు. నెత్తి పైకెత్తు. నువ్వు పిలిచిన వాన వచ్చేదాక పైకే చూస్తుండాలె. దించినవంటె బండ ఎత్తిస్త."

ఆమె నిలబడింది. తల పైకెత్తింది. ఎండ నేరుగా కళ్లలో పడింది. మూస్తే ఎర్రగా, తెరిస్తే తెల్లగా. కొంతసేపటికి మెడ వెనక సన్నగా మొదలైన నొప్పి భుజాల్లోకి దిగింది. కళ్ల నీళ్లు చెవుల్లోకి కారాయి. అరుగు మీది మాటలు దూరంగా, ఏ బావిలోంచో వచ్చినట్టు వినిపిస్తున్నాయి. వాన రావాలని మనసులోనే మొక్కింది. ఒక్క వాన వస్తే చాలు, ఈ మెడ దించుకోవచ్చు. అంతలోనే ఊరి మూలన ఇంకా జొన్న ఎత్తుకోని ఇళ్లు గుర్తుకొచ్చాయి. బండి లేనివాళ్లు, మనిషి లేనివాళ్లు. వాళ్ల కంకులు నేల మీదే ఉన్నాయి. వద్దు, రావొద్దు అని మొక్కింది. ఆ రెండు మొక్కులూ ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటే ఆమెకు ఏది తనదో తెలియకుండా పోయింది.

ఎండ ఉన్నట్టుండి తగ్గింది. మొదట కళ్లు పోతున్నాయనుకుంది. కాదు. తూర్పు నుంచి సన్నటి పొగలాంటిది సూర్యుడి మీదికి పాకింది. దాని వెనక బూడిదరంగు మబ్బు. గాలి తిరిగింది. చల్లటి గాలి కాదు, తడిగాలి. వాకిట్లో ఎండబెట్టిన మిరపకాయల చాప లేచి పడింది.

అరుగు మీద చేతికర్ర చప్పుడైంది. దొర లేచాడు.

"వెంకటయ్యా! ఈరన్నను పంపు. ఊర్ల ఉన్నోళ్లందర్ని చేన్లకు తోలమను. ఉరుకు!"

మబ్బు మిద్దె దాకా వచ్చింది. గడి కొట్టాల్లో పశువులు అరిచాయి. ఈరన్న తిరిగి వచ్చేసరికి రొప్పుతున్నాడు.

"ఎవరు వస్తలేరు దొరా. బతిమిలాడిన. అందరు బండి లేనోళ్ల జొన్న ఎత్తిస్తుండ్రు. కుప్పల మీద శాపలు కప్పుతుండ్రు. అవి ఐనంక వస్తమన్నరు."

"ఐనంకనా?"

దొర అరుగు దిగాడు. చెప్పులు వేసుకోలేదు. వాకిలి నడిమికి వచ్చి ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి తలెత్తి పైకి చూశాడు. ఆమె కనుకొసలోంచి ఆయన గొంతు కనిపించింది. గుటకలు వేస్తున్నది. చేనులో సగం జొన్న నేల మీద ఉంది ఆయనకు. ఇద్దరూ అలాగే పైకి చూస్తూ నిలబడ్డారు. మబ్బు వాళ్ల మీదుగా మెల్లగా కదులుతున్నది.

ఒక చినుకు ఆమె నుదుటి మీద పడింది. ఇంకొకటి బండ మీద పడి నల్లని మచ్చ అయింది.

"వస్తదంటవా?" అన్నాడు దొర.

తనను కాదనుకుంది. అంత దగ్గర్లో ఇంకెవరూ లేరు.

"తెల్వదు దొరా."

"ఇన్నవు గదా నువ్వు గూడ. ఎల్లుండిలోగా అనే గదా అన్నడు? భారీ వర్షమనే గదా?"

"గట్లనే అన్నడు దొరా."

ఆయన ఇంకేదో అడగబోయి ఆగాడు. చినుకులు మరి కొన్ని పడ్డాయి. ఆ తర్వాత గాలి పడమరకు మళ్లింది. మబ్బు చివర చిరిగి, అందులోంచి ఎండ పలచగా దిగింది. పశువుల అరుపులు ఆగిపోయాయి. కొద్దిసేపట్లోనే వాకిలి మళ్లీ మునుపటిలా వెలిగింది. బండ మీద చినుకుల మచ్చలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

దొర తల దించి తన ఒట్టి కాళ్లు చూసుకున్నాడు. ఆమె చూస్తున్నదని గమనించాడు. మొహం ఎర్రబడింది.

"పో. మల్ల ఈ గడప తొక్కకు. ఉగాది దాటితె నీ మొగనికి కౌలు లేదు."

*

జంగయ్య దర్వాజ బయట గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె మెడ తిప్పలేకపోవడం చూసి లేచి, చెయ్యి పట్టుకున్నాడు. వీధిలో అలా చెయ్యి పట్టుకుని వాళ్లు ఎప్పుడూ నడవలేదు.

"కౌలు పాయె," అంది ఆమె.

"ఇన్న."

"వాన రాకపాయె."

అతను చెయ్యి వదలకుండా ఇంటి దాకా నడిపించాడు. ఇంటి ముందు జనం ఉన్నారు. వాళ్లను చూడగానే రామేశ్వరమ్మ కాళ్లు ఆగిపోయాయి. గడి వాకిట్లో నిలబడ్డప్పటి కంటే ఎక్కువ భయం వేసింది. దొర కోపం ఒకరోజుది. వీళ్ల మధ్య రోజూ బతకాలి.

బాలకిష్టయ్య ముందుకు వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అనంతమ్మ అరుగు మీది నుంచి లేచింది. చెయ్యికి కట్టిన పేలిక గోధుమరంగుకు తిరిగింది.

"నీ వాన రాకపాయెనే," అంది.

"అవునత్తా. నేను ఇన్నది ఇన్నట్టే చెప్పిన."

"రాకుంటె రాకపాయె. వచ్చిందే అనుకో, మనకు చెప్తుండెనా ఆయన?" అనంతమ్మ అందరి వైపూ తిరిగింది. "వాన అబద్ధమైతే అయింది. దాచింది నిజమే గదా?"

 బాలకిష్టయ్య నెమ్మదిగా తలూపాడు. తర్వాత, పిల్లవాడు అడిగినట్టు అడిగాడు: "మల్ల ఎప్పుడు చెప్తదమ్మా ఆ రేడియో? మల్ల చెప్పినప్పుడు ఎట్ల తెలుస్తది?"

రామేశ్వరమ్మ గడి గడప తొక్కొద్దని దొర అన్న సంగతి చెప్పింది. జనం ఒకరినొకరు చూసుకున్నారు. ఎడ్లు, కౌలు, రేపు పిలవబోయే వెట్టి, అన్నీ ఆ చూపుల్లోనే ఉన్నాయి. ఒక్కొక్కరే ఇళ్లకు మళ్లారు.

*

మార్గశిరం సగమైంది. గడి నుంచి ఇంకా ఎవరి ఎడ్ల కోసమూ కబురు రాలేదు. రాకపోవడం వల్ల భయం తగ్గలేదు. ఈరన్న వీధిలోకి వస్తే చాలు, ఇళ్లలో మాటలు ఆగిపోయేవి.

ఆ రోజు పొద్దెక్కాక రామేశ్వరమ్మ బావి దగ్గర నీళ్లు చేదుతున్నది. గడి బిందెలు తీసుకుని భాగ్యమ్మ వచ్చింది. ఆ రోజు తర్వాత ఇద్దరూ ఎదురుపడడం అదే మొదలు. రామేశ్వరమ్మ చేంతాడు చుట్టుకుని పోబోయింది.

"ఆగు," అంది భాగ్యమ్మ. మొహం ఎత్తకుండా బొక్కెన బావిలోకి వదిలింది. "నిన్న మాపు చెప్పిండ్రు. ఉత్తరగాలి వస్తదంట. రేపటికెల్లి సలి మస్తు ముదురుతదంట. లేగలను, గొర్రెపిల్లలను బయట కట్టొద్దన్నరు."

రామేశ్వరమ్మ చుట్టూ చూసింది. గట్టు మీద ఎవరూ లేరు.

"కిటికీ తెరిచే పెట్టుకుంటుండా దొర?"

"మూసిండు. మేకులు గూడ కొట్టించిండు." భాగ్యమ్మ చేంతాడు లాగుతున్నది. నీళ్లు సగం బావిలోకే ఒలికిపోతున్నాయి. "తలుపుకు చెవి పెట్టి ఇన్న."

"తెలిస్తె నిన్ను ఉంచుతడా? ఎక్కడికి పోతవే?"

భాగ్యమ్మ బిందె నడుమున పెట్టుకుంది.  గడి దారి పట్టింది.

ఎండ వెచ్చగా ఉంది. గాలి ఎటూ లేదు. బావి పక్కన రెండు లేగదూడలు హాయిగా నీడ వదిలి ఎండలో పడుకున్నాయి. రేపు చలి ముదురుతుందంటే నమ్మే గుర్తు ఎక్కడా కనిపించలేదు. రాకపోతే ఊరు మళ్లీ తన ఇంటి వైపు చూస్తుంది. రామేశ్వరమ్మ కాసేపు అక్కడే నిలబడింది. అదే భయం, ఆ రోజు సాలు చివర కొడవలి పట్టుకుని కూర్చున్నప్పటిది.

నిండు బిందెను గట్టు మీదే వదిలి, అనంతమ్మ ఇంటికి నడిచింది. వాకిట్లో గుంజకు కట్టిన దూడ ఆమెను చూసి చెవులు విదిలించింది. లోపల రొట్టె కొడుతున్న చప్పుడు.

"అత్తా," అని పిలిచింది, గడపలోకి వంగి. "ఈ మాపటికెల్లి దూడను లోపల కట్టు."

రొట్టె చప్పుడు ఆగింది. అనంతమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చి, ఆకాశం వైపు చూడకుండా, దూడ తలుగు విప్పసాగింది.